చంటిబిడ్డ తల్లికి ఒక గది: నెల్లూరు వ్యాపారస్తులకు బహిరంగ లేఖ

ట్రంక్ రోడ్డు, చిన్నబజారు, పెద్దబజారు, మద్రాసు బస్టాండు చుట్టుపక్కల బట్టల షాపులు, నగల షాపులు, ఫర్నిచర్ షాపులు, ల్యాబులు, నర్సింగ్ హోములు నడుపుతున్న యజమానులందరికీ నమస్కారాలు.

నేను మీలో ఒకరి షాపులో ఐదేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఎవరి షాపు అని దయచేసి ఆరా తీయకండి. నా కథ లాంటివే మీ అందరి షాపుల్లోనూ ఉన్నాయి. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు మేం ఒకరికొకరం చెప్పుకునేవి అవే.

ఈ జులైలో రొట్టెల పండక్కి పాపను ఎత్తుకుని మేమిద్దరం బారాషహీద్ దర్గాకు పోయాం. రెండేళ్ళ కిందట ఇదే స్వర్ణాల చెరువులో నేను సంతాన రొట్టె పట్టుకున్నాను, మా ఆయన ఉద్యోగ రొట్టె పట్టుకున్నాడు. రెండు కోరికలూ తీరాయి కాబట్టి ఈసారి రొట్టె వదలాల్సిన వంతు మాది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ‘సంతాన రొట్టె, సంతాన రొట్టె’ అని పిలుస్తుంటే ఒక అమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. తల మీద కొంగు కప్పుకుని, రెండు చేతులూ చాపి రొట్టె తీసుకుంది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, మా పాప కాలు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత నా ముఖంలోకి చూసి, “అక్కా, నువ్వు ఆ షాపులో బిల్లింగ్ కాడ కూర్చుంటావు కదా. నేను ఎదురు షాపులోనే చేస్తా. పాపను ఎవురు చూసుకుంటారక్కా?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. “అన్నీ అవే సర్దుకుంటాయిలే అమ్మా” అన్నాను. ఆ మాట అబద్ధం అని నాకు తెలుసు. కోరిక తీరాలని దేవుడి దగ్గర రొట్టె పట్టుకున్న పిల్లకు నేను అబద్ధం చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమెకు చెప్పాల్సిన జవాబు మీ చేతుల్లో కూడా ఉంది. బజారులో పనిచేసే తల్లుల పసిబిడ్డలను ఉంచుకునే ఒక గది కోసమే ఈ ఉత్తరం.

మా పాప 2024 ఆగస్టులో పుట్టింది. ఆషాఢం సేల్ అయిపోయేదాకా నేను డ్యూటీలోనే ఉన్నాను. కడుపు టేబులుకు తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాపి బిల్లులు కొట్టాను. కాన్పుకు వారం ముందు సెలవు అడిగితే, “మూడు నెలలు పోయి రామ్మా, నీ సీటు నీకే ఉంటుంది. జీతం మాత్రం ఉండదు” అన్నారు. కసురుకుంటూ అనలేదు, మర్యాదగానే అన్నారు. నేను కూడా చాలా థ్యాంక్స్ సార్ అని రెండు చేతులూ జోడించి వచ్చాను. సీటు ఉంచుతామన్నారు, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. నాకు అప్పటికి ఏమీ తెలియదు.

కార్తీకమాసం పెళ్ళిళ్ళ సీజన్‌లో, నవంబరు మధ్యలో తిరిగి డ్యూటీలో చేరాను. పాపకు మూడు నెలలు నిండి కొద్ది రోజులే అయింది. ఆస్పత్రి గోడ మీదా, అంగన్‌వాడీ గోడ మీదా రాసి ఉంటుంది కదా, ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దని. పిల్లల డాక్టరమ్మ కూడా టీకాకు పోయిన ప్రతిసారీ అదే చెప్పింది. నేను సరేనని తల ఊపి వచ్చేదాన్ని. పొద్దున పదికి షాపులో ఉండాలి, రాత్రి ఎనిమిదికి వదులుతారు. రానూ పోనూ కలిపి పదకొండు గంటలు. మూడు నెలల బిడ్డ రెండు మూడు గంటలకొకసారి పాలు తాగుతుంది. ఆ లెక్క ఎట్లా సరిపోతుందో రోజంతా లెక్కలు చూసే నాకు కూడా తేలలేదు.

మొదటి రోజు పదకొండున్నరకు రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. పన్నెండుకల్లా జాకెట్టు తడిసిపోయింది. కొంగు ముందుకు లాక్కుని, క్యాష్ ఇంకొకరికి అప్పజెప్పి స్టాక్ రూమ్‌లోకి పోయాను. ఆ గదికి లోపల గడియ లేదు. చీరల సెక్షన్‌లో చేసే అక్క తలుపుకు వీపు ఆనించి నిలబడింది. పట్టుచీరల అట్టపెట్టెల మధ్య కింద కూర్చుని స్టీలు గ్లాసులోకి పాలు పిండుకున్నాను. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సగం గ్లాసు వచ్చాయి. ఇంటికి పంపేదానికి మనిషి లేడు, పెట్టేదానికి ఫ్రిజ్ లేదు. పిండిన పాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచకూడదంటారు, మన నెల్లూరు ఉక్కలో అంతసేపు కూడా నమ్మలేం. తీసుకుపోయి వాష్‌బేసిన్‌లో పోశాను. తెల్లగా బేసిన్ జాలీ మీదుగా జారి పోతుంటే ఆ అక్క ట్యాప్ తిప్పి, “చూడొద్దులే అమ్మణ్ణీ” అంది. అట్లా రోజుకు రెండుసార్లు, దగ్గర దగ్గర మూడు నెలలు చేశాను. ఇంటి దగ్గర నా బిడ్డ ఉగ్గుగిన్నెతో డబ్బా పాలు తాగుతూ ఉండేది.

డిసెంబరు వానల్లో ఒక రాత్రి సంగతి కూడా చెప్పాలి. మేముండేది మినీ బైపాస్ వైపు. ఇంటికి పోవాలంటే రైలు కట్ట కింద దూరి పోవాలి. వాన గట్టిగా కొడితే రామలింగాపురం అండర్‌బ్రిడ్జి, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి ఎట్లా నిండిపోతాయో నెల్లూరు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ రోజు సాయంత్రం నాలుగు నుంచీ వాన. ఒక గంట ముందు పంపించండి అని అడిగితే, కస్టమర్లు ఉన్నారు కదమ్మా అన్నారు. ఎనిమిదికి బయటపడితే ఒక్క ఆటో కూడా ఆ వైపు రానంది. చుట్టు తిరిగి, సగం దూరం నడిచి ఇల్లు చేరేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. మా అత్తమ్మ పాపను భుజాన వేసుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళతోనే నిద్రపోయిందంట. నిద్రలో కూడా పెదాలు చప్పరిస్తానే ఉంది. తడిబట్టలు మార్చుకుని ఒళ్ళోకి తీసుకుంటే కళ్ళు తెరవకుండానే పాలకు తడుముకుంది.

మా అత్తమ్మది కోవూరు పక్క పల్లె. రెండెకరాలు వరి ఉంది, మామయ్యకు చూపు సరిగా ఆనదు. నాట్లప్పుడు పదిరోజులు పోయి వచ్చింది. మార్చిలో కోతలకు మాత్రం ఇక ఆమె పోక తప్పలేదు. మోకాళ్ళ నొప్పులతో మా మిద్దె మెట్లు ఎక్కి దిగడం కూడా ఆమెకు కష్టంగానే ఉండేది. మా ఆయన రొయ్యల మేత డీలర్ దగ్గర పనిచేస్తాడు. పొద్దున్నే బండేసుకుని ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల కాడికి పోవాలి, బాకీలు వసూలు చేయాలి. ఏప్రిల్‌లో అమెరికా సుంకాల మాట బయటికి రాగానే రొయ్య రేటు పడిపోయింది, రైతులు డబ్బు కట్టలేకపోయారు, ఆయనకు రావాల్సిన కమీషన్ ఆగిపోయింది. ఆ సమయంలో నా జీతం లేకపోతే బాడుగ కట్టేదానికి కూడా లేదు. బిడ్డ పుట్టినప్పుడు ఆయనకు దొరికిన సెలవు రెండు రోజులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే తండ్రికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటులో చేసే తండ్రికి చట్టంలో ఒక్క రోజు కూడా రాసిపెట్టలేదు.

అత్తమ్మ పోయాక పాపను ఎక్కడ ఉంచాలని ఊరంతా తిరిగాం. ప్లేస్కూళ్ళలో రెండేళ్ళు నిండితే తీసుకురండి అన్నారు. అంగన్‌వాడీలో పాఠాలు, ఆటపాటలు మూడేళ్ళు నిండిన పిల్లలకు. పాపకు ఏడో నెల వచ్చాక టీచరమ్మ బాలామృతం ప్యాకెట్ ఇచ్చింది, తూకం వేసి రాసుకుంది, చక్కగా చూసింది. కానీ పొద్దుటి నుంచి రాత్రిదాకా చంటిబిడ్డను ఉంచుకునే ఏర్పాటు అక్కడ లేదు. చివరికి కింద పోర్షన్‌లో ఉండే పెద్దామెకు నెలకు మూడువేలిచ్చి వదులుతున్నాం. ఆమె మంచిదే. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు మాత్రం నాకు సెలవు, జీతం కట్. ఆరు నెలలు నిండిన దగ్గరి నుంచి కనీసం రెండేళ్ళు వచ్చేదాకా పని చేసుకునే ఆడమనిషి బిడ్డకు ఈ ఊళ్ళో చోటు లేదు. నా ఏడాది టెన్షనంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి ఎట్లా తెలిసిందో చెప్తాను.

నా జీతం 14,500. అందులో ప్రతి నెలా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా కింద 109 రూపాయలు కట్ అవుతాయి. మా షాపులో అందరి జీతాల్లోనూ ఆ కాలమ్ నింపేది నేనే. జీతంలో నూరు రూపాయలకు ఉద్యోగి వాటా 75 పైసలు, యజమాని వాటా మూడుంపావు రూపాయలు. ఐదేళ్ళు నింపాను. అది జబ్బు చేస్తే ఈఎస్ఐ డిస్పెన్సరీలో మందుల కోసం అనుకున్నాను, మా మేనేజరన్న కూడా అట్లాగే అనుకున్నాడు. మే నెలలో ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి మాటల్లో అడిగింది, “మెటర్నిటీ క్లెయిమ్ పెట్టుకున్నావా అక్కా?” అని. ఏం క్లెయిమ్ అన్నాను. నెలకు 21,000 లోపు జీతం ఉండి, నిర్ణయించినన్ని రోజులు చందా కట్టి ఉంటే, కాన్పుకు 26 వారాలపాటు పూర్తి జీతం లెక్కన ఈఎస్ఐ వాళ్ళే ఇస్తారని అప్పుడు తెలిసింది. అంటే నేను ఆరు నెలలు ఇంట్లో ఉండి నా బిడ్డకు పాలిచ్చినా షాపు గల్లాపెట్టె నుంచి నా సెలవు జీతం కింద ఒక్క రూపాయి పోయేది కాదు. ఆ డబ్బుకు నా చందా, మీ చందా ముందే కట్టి ఉన్నాయి. కట్టిన చందా కాగితంలో ఉంది, నా పాలు వాష్‌బేసిన్‌లో పోయాయి.

యజమానులారా, ఇందులో మీకు దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. మీలో చాలామందికి ఇది తెలియదు. ఆడపిల్లకు ఆరు నెలల సెలవంటే ఆరు నెలల జీతం మా నెత్తిన పడుతుంది అనే భయంతోనే మీరు మూడు నెలలంటారు, రెండు నెలలంటారు, కొందరైతే పెళ్ళైన పిల్లను చేర్చుకోవడమే మానేస్తారు. ఇంటర్వ్యూలో “పిల్లలెప్పుడమ్మా?” అని అడుగుతారు. మీ దగ్గర చేసే సేల్స్ అమ్మాయిల్లో ఎక్కువమంది జీతం 21,000 లోపే. వాళ్ళను ఈఎస్ఐలో పెట్టి ఉంటే ఆ భారం మీది కాదు. దయచేసి ఈ ఒక్క ముక్క మీ ఆడిటర్‌ను అడిగి నిర్ధారించుకోండి.

ఈఎస్ఐ లేని వాళ్ళకూ చట్టం ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017లో దాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. పదిమంది పనిచేసే షాపుకు కూడా అది వర్తిస్తుంది. సెలవులో ఉన్న మనిషిని ఆ కారణంగా తీసేయకూడదు. డ్యూటీలో చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలి. ఇవన్నీ ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడే ఆడమనిషికి కాగితం మీద రాసి ఇవ్వాలని కూడా ఆ సవరణలో పెట్టారు. నా జాయినింగ్ కాగితం మళ్ళీ తీసి చూశాను. యూనిఫాం చీర రంగు, ఆలస్యమైతే ఎంత కట్ అవుతుందో ఉన్నాయి. ఇది లేదు.

అదే 2017 సవరణలో ఇంకొకటి ఉంది. దాని కోసమే నేనింత రాసుకొచ్చాను. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి పోయి బిడ్డను చూసుకోనివ్వాలి. ఆ కేంద్రం ఎవరికి వాళ్ళు విడిగా పెట్టుకోవచ్చు, లేదా కొందరు కలిసి ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. ‘ఉమ్మడిగా’ అన్న ఆ మాట మన బజారు కోసమే రాసినట్టుంది. మీ షాపులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఏ షాపు నుంచి నడిచినా పది నిమిషాల్లో చేరగలిగే చోట ఒక్క గది చాలు. 50 మంది లేని చిన్న షాపులకు చట్టం ఈ పని తప్పనిసరి చేయలేదు, అయినా కలిసి వస్తే ఎవరికీ బరువు ఉండదు.

నేను లెక్కలు రాసేదాన్ని కాబట్టి లెక్క వేసే మీ ముందు పెడుతున్నాను. చిన్నబజారు సందుల్లో పై అంతస్తులో రెండు గదులు, బాత్రూం ఉన్న పోర్షన్‌కు బాడుగ 9,000 అనుకుందాం. ఇద్దరు ఆయాలకు తలా 12,000 చొప్పున 24,000. కరెంటు, ఫినాయిల్, పాత ఫ్రిజ్ రిపేరు, మిగతా చిల్లర ఖర్చులకు 3,000. మొత్తం 36,000. పన్నెండు మంది పిల్లలుంటే తల్లులం తలా వెయ్యి ఇస్తాం, 12,000 అయింది. మిగిలిన 24,000 పన్నెండు షాపులు పంచుకుంటే ఒక్కో షాపుకు నెలకు రెండువేలు. మీ అద్దాల్లో బొమ్మకు కట్టిన పట్టుచీర ధర ఇంతకు చాలా ఎక్కువ. అందులో ఒక వంతు మాత్రమే మేం అడుగుతున్నది.

దానికి మీకు మిగిలేది కూడా చెప్తాను. ఈ ఐదేళ్ళలో మా షాపు హాజరు పట్టీలో కాన్పుకని పోయిన పేర్లు ఏడు. నేను తప్ప ఎవరూ తిరిగి రాలేదు. అందులో ఒకామె చీర ముట్టుకుని నేత ఎక్కడిదో చెప్పేది. ఆమె ఉంటేనే చీర తీసుకుంటామని కస్టమర్లు కూర్చునేవాళ్ళు. ఆమె పోయాక ఆ సీట్లో ముగ్గురు మారారు. కొత్త పిల్ల వచ్చి స్టాక్ కోడ్లు, డిస్కౌంట్లు, చీరల రకాలు నేర్చుకునేదానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆలోపు జరిగే తప్పు బిల్లులు సరిచేసేది నేనే, వాటి విలువ నాకు తెలుసు. చీర ముట్టుకుని నేత చెప్పే ఆమె ఇప్పుడు ఇంట్లో మిషన్ కుడుతోంది. బిడ్డను ఉంచేందుకు గది ఉంటే ఇంకా మన కౌంటర్‌లోనే ఉండేది.

పిల్లల బాధ్యత మాకెందుకు, ఏదైనా జరిగితే మా మీదకు వస్తుంది అంటారేమో. ఆ భయం న్యాయమైనదే, బిడ్డ విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. ఆ గది నడిపే పని పొదుపు సంఘం ఆడవాళ్ళకు అప్పజెప్పండి. మన జిల్లా ఆడవాళ్ళకు ఇది చేతకాని పని కాదు. 1990ల మొదట్లో మన దూబగుంట ఊరి ఆడవాళ్ళు కదిలి సారా అంగళ్ళు మూయించారు, రాష్ట్రమంతా దాన్ని అందుకుంది. ఆ తర్వాత మన జిల్లాలోనే రోజుకు ఒక్క రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. మా అత్తమ్మ కూడా అప్పుడు రూపాయి వేసిన మనిషే. ఆ పుస్తకం అట్ట చిరిగిపోయినా ఇంకా బీరువాలో దాచుకుంది. రూపాయి రూపాయి లెక్క తప్పకుండా చూసినవాళ్ళు పన్నెండు మంది పిల్లలను చూసుకోలేరా? పిల్లలను ఎత్తుకోవడం ఎవరూ వాళ్ళకు నేర్పక్కర్లేదు. తలుపుకు గడియ, కిటికీలకు దోమతెర, ఒక కెమెరా, గోడ మీద డాక్టర్ ఫోన్ నంబరు, ఎవరు తీసుకొచ్చారో ఎవరు తీసుకుపోయారో రాసే ఒక రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరు నేను రూళ్ళు గీసి ఇస్తాను.

అధికారులను కూడా అడుగుతాం. కేంద్ర ప్రభుత్వం ఆడవాళ్ళ కోసం పెట్టిన మిషన్ శక్తిలో భాగంగా ‘పాల్నా’ అనే పథకం పెట్టింది, అంగన్‌వాడీతో కలిపి ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు సంరక్షణ కేంద్రాలు నడపాలని. మా బజారు దగ్గర ఒకటి పెట్టండి అని కలెక్టర్ గారికి, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ వారికి వేరే అర్జీ రాసుకున్నాను. అది వచ్చేదాకా పసిబిడ్డలు పెరగకుండా ఆగరు కదా, అందుకని ముందు మీ దగ్గరికి వచ్చాను.

మా షాపులో ఇప్పుడు ఇంకొక అమ్మాయికి ఆరో నెల. ఈఎస్ఐ కాగితాలు నేను దగ్గరుండి నింపించాను. మా యజమాని అది చూసి ఏమీ అనలేదు. పైగా, “ఇంత ఉందా దీంట్లో?” అని కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివారు. ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది, మీరందరూ చదివితే మీరూ అట్లాగే అడుగుతారని.

పెద్దబజారు వెనక సందులో కిరాణా గోడౌన్ మీద ఒక పోర్షన్ నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. మెట్లు వెడల్పుగా ఉన్నాయి, రెండు వైపులా గాలి వస్తుంది, మున్సిపల్ నీళ్ళు ఉన్నాయి. ఓనరమ్మతో మాట్లాడాను, చంటిపిల్లల కోసమైతే అడ్వాన్సు తగ్గిస్తానంది. దసరా రద్దీ మొదలుకాక ముందు, ఏదైనా ఒక ఆదివారం పొద్దున షాపులు తెరవకముందు మీలో ఐదారుగురు వచ్చి ఒక్కసారి చూడండి. నేను తాళం తీసుకుని కింద ఉంటాను, పాప కూడా నాతోనే ఉంటుంది. చెరువు దగ్గర రొట్టె పట్టుకున్న ఆ అమ్మాయికి కూడా కబురు పెట్టాను. వస్తానంది.

ఇట్లు,
మీ షాపులో లెక్కలు రాసే ఒక తల్లి,
నెల్లూరు